అమెరికాలో స్పీచ్ థెరపీ లైసెన్సు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవికి మీ అత్త ఆశీస్సులు.

సికింద్రాబాదులో నీ ఎం.ఏ.ఎస్.ఎల్.పీ. (వినికిడి, మాట చికిత్సలో మాస్టర్స్) చదువు పూర్తి కావస్తోందనీ, ఆ తర్వాత టెక్సాస్‌కు రావాలనుకుంటున్నావనీ మీ నాన్న చెప్పగా, ఈ వృత్తిలో చాలాకాలంగా ఉన్నదానిగా కొన్ని విషయాలు నీకు ముందే తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన దేశంలో ఆర్.సి.ఐ. (భారత పునరావాస మండలి) నమోదు ఒక్కటి ఉంటే గుంటూరులోనైనా గౌహతిలోనైనా పనిచేయవచ్చు. అమెరికాలో లైసెన్సు ఇచ్చేది కేంద్రం కాదు, రాష్ట్రం. ఆషా అనే స్పీచ్ థెరపిస్టుల జాతీయ సంఘం ఇచ్చే సి.సి.సి. అనే వృత్తి సామర్థ్య ధ్రువపత్రానికి ఎంతో గౌరవం ఉన్నా, అది లైసెన్సు కాదు. అది చేతిలో ఉన్నంత మాత్రాన ఒక్క రోగిని కూడా చూడడానికి వీల్లేదు. అందుకే ముందు రాష్ట్రాన్ని నిశ్చయించుకొని, ఆ రాష్ట్రపు నిబంధనలను మూలంలోనే చదువు, ఇతరుల మాట మీద ఆధారపడకు.

స్థూలంగా కావలసినవి చాలా రాష్ట్రాల్లో ఒకటే: అక్కడి మాస్టర్స్‌కు సమానమని నిర్ధారణ అయిన డిగ్రీ, ప్రాక్సిస్ అనే వృత్తి పరీక్ష, పర్యవేక్షణలో కొంతకాలం ఉద్యోగం. ఆషా లెక్కలో ప్రాక్సిస్‌కు 162 మార్కులు రావాలి, చదువుకునే రోజుల్లోనే 400 గంటల క్లినికల్ అనుభవం ఉండాలి. నీ లాగ్‌బుక్కులో ప్రతి పుటకూ పర్యవేక్షకుల సంతకం, తేదీ ఉండేలా ఇప్పుడే చూసుకో. పర్యవేక్షించినవారు బదిలీ అయ్యాక ఆ సంతకాలు సంపాదించడం చాలా కష్టం.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచింది పైన చెప్పిన పర్యవేక్షణలోని ఉద్యోగం, అంటే క్లినికల్ ఫెలోషిప్ గురించి. పూర్తికాలం చేస్తే కనీసం 36 వారాలు, 1,260 గంటలు పట్టే ఈ దశను స్వేచ్ఛగా మొదలుపెట్టవచ్చని చాలామంది పొరబడతారు. టెక్సాస్‌లో దానికి ముందే టి.డి.ఎల్.ఆర్. అనే ప్రభుత్వ శాఖ నుంచి ఇంటర్న్ లైసెన్సు తీసుకోవాలి. కాలిఫోర్నియాలో ఇదే దశను ఆర్.పి.ఇ. అంటారు, దానికీ తాత్కాలిక లైసెన్సు ఉంది. యజమాని ఎంత తొందరపెట్టినా, "కాగితాలు తర్వాత వస్తాయిలే" అన్నా, లైసెన్సు జారీ అయ్యేవరకు చికిత్స ప్రారంభించకు. లైసెన్సు లేకుండా చేసిన పని చట్టవిరుద్ధం కావడమే కాక, ఆ గంటలు లెక్కలోకి రాకుండా పోయే ప్రమాదం ఉంది. నీకు మార్గదర్శిగా ఉండేవారి లైసెన్సు చెల్లుబాటులో ఉందో లేదో కూడా శాఖ వెబ్‌సైటులో నీవే చూసుకో. అలా అడగడం అమర్యాద అనుకోవద్దు. వారిలో లోపముంటే నష్టపోయేది నీవే.

బడిలో పనిచేయదలిస్తే కొన్ని రాష్ట్రాల్లో విద్యాశాఖ అనుమతి వేరుగా కావాలి. వృత్తి వీసాకు వీసాస్క్రీన్ (విదేశీ ఆరోగ్య వృత్తినిపుణుల అర్హతలను పరిశీలించి ఇచ్చే) ధ్రువపత్రం మరొక మెట్టు. లైసెన్సు వచ్చింది కదా అని దానిని మరువకు.

ఇక పేరు సంగతి. నీ పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, డిగ్రీని మదింపు చేసే సంస్థ నుంచి ప్రాక్సిస్ నమోదు వరకు ప్రతిచోటా ప్రశ్నలు వస్తాయి. విశ్వవిద్యాలయం విడిచి రాకముందే పట్టాలో పేరును పాస్‌పోర్టుతో సరిపోల్చుకొని, ట్రాన్‌స్క్రిప్టులు ముద్ర వేసిన కవర్లలో నాలుగైదు ప్రతులు తీసుకో, వాటితోపాటు పాఠ్యప్రణాళికను కూడా ధ్రువీకరించి ఇవ్వమని అడుగు.