ముందు ఆరు బొమ్మలు గీయమనండి

ప్రశ్న: మా అమ్మాయి బయాలజీతో డిగ్రీ చదువుతోంది, బొమ్మలు బాగా వేస్తుంది. గాయం మీద సిలికాన్ డ్రెస్సింగ్ ఎలా పనిచేస్తుందో చూపే త్రీడీ యానిమేషన్ ఒకటి చూసిందట. అప్పటి నుంచి మెడికల్ యానిమేషన్‌లోకే వెళ్తానంటోంది. ఏ సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించాలి? అసలు అది ఉద్యోగమేనా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఉద్యోగమేనండీ. మందుల కంపెనీలు, వైద్య పరికరాలు తయారుచేసేవాళ్లు, పాఠ్యపుస్తకాల ప్రచురణకర్తలు, కేసు వాదించే లాయర్లు కూడా ఇలాంటివి చేయించుకుంటారు. కొత్త వృత్తేమీ కాదు. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో వైద్య చిత్రకళకు 1911లోనే ఒక విభాగం పెట్టారు.

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, ఇంట్లో కూర్చుని మొదలుపెట్టొచ్చు. అసలు కష్టం వేరే ఉంది. మీ అమ్మాయి చూసిన ఆ డ్రెస్సింగ్‌నే తీసుకోండి. మామూలు ప్లాస్టర్ జిగురు గంటలు గడిచేకొద్దీ చర్మాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పీకితే పైపొర కణాలు కూడా దాంతో ఊడి వస్తాయి. మెత్తని సిలికాన్ అలా కాదు, చర్మం ఎగుడుదిగుళ్లలో ఒదిగి తేలిగ్గా అంటుకుంటుంది. అదీ చుట్టూ ఉన్న పొడి చర్మానికే, తడిగా ఉన్న గాయానికి కాదు. అంచులు మూసుకుపోతాయి కాబట్టి రసి పక్కలకు పాకి మంచి చర్మాన్ని నానబెట్టదు. స్పాంజి పొర ఉన్న రకమైతే రసి అందులోకి పోతుంది. ఇది తెలియనివాళ్లు గాయం మీద కూడా టేపు అతికించినట్టే చూపిస్తారు. బొమ్మ తళతళలాడుతుంది, విషయం తప్పు!

ఇంకో చిక్కు కొలతలు. చర్మం పైన ఉండే మృతకణాల పొర మందం చాలాచోట్ల 10 నుంచి 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). స్పాంజి మందం మిల్లీమీటర్లలో ఉంటుంది. ఉన్నదున్నట్టు చూపిస్తే ఆ పొర కనిపించనే కనిపించదు. ఎంత పెంచాలి, ఎక్కడ ఆపాలి? కాలమూ అంతే. కొత్త చర్మకణాలు తడి మీదుగా గాయం అంచు నుంచి లోపలికి పాకడానికి రోజులు పడుతుంది, తెర మీద మనకుండేది నాలుగు సెకన్లు. తడిగా ఉంచితే గాయం త్వరగా మూసుకుంటుందని 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చూపించాడు. అంతకుముందు గాయం ఎండి పక్కు కట్టడమే మంచిదనేవారు. ఇలాంటివి చదివే ఓపిక ఉండాలి.

దిద్దుబాట్లకూ సిద్ధపడాలి. డాక్టర్లు ఒకటి మార్చమంటారు, కంపెనీ లాయర్లు ఇంకోటి తీసేయమంటారు. వారం కష్టపడి చేసిన షాట్ మొత్తం ఎగిరిపోవచ్చు. ఇది పడనివాళ్లకు ఈ పని నరకం.

కోర్సుకు డబ్బు కట్టేముందు ఒక పని చేయించండి. ఈ డ్రెస్సింగ్ కథను కాగితం మీద ఆరు బొమ్మల్లో, ఒక్క మాట కూడా రాయకుండా గీయమనండి. రోజూ కట్లు మార్చే నర్సు ఎవరికైనా చూపించి, తప్పులు పట్టమనండి. తర్వాత మీరు చూడండి. బయాలజీ చదవని మీకు కూడా కథ అర్థమైతే, అప్పుడు ఫీజు గురించి మాట్లాడుకుందాం.