‘జే పార్లే’ కాదు, ‘జావే పార్లే’

‘మీరు ఫోను చేసేసరికే నేను అమ్మతో మాట్లాడాను’ అన్న వాక్యానికి ఫ్రెంచిలో ‘జే పార్లే’ అని రాస్తే మాస్టారు కొట్టేశారన్నారు కదా. తప్పు అసలు క్రియలో లేదు, దాని ముందున్న సహాయక క్రియలో ఉంది. ‘జే పార్లే’ అంటే మాట్లాడాను, అంతే. ఫోను రాకముందే ఆ పని ముగిసిందని అది చెప్పదు. తెలుగులో ఆ భారాన్ని ‘సరికే’, ‘అప్పటికే’ మోస్తాయి. ఫ్రెంచిలో క్రియే మోయాలి. ఒక పనికి ముందే ముగిసిన పనిని చెప్పే ఆ భూతకాల రూపమే ప్లూస్-క-పార్ఫే.

‘పార్లే’ను కదపకండి. ముందున్న సహాయక క్రియ ‘ఆవ్వార్’ను (కలిగి ఉండటం) మాత్రం అంపార్ఫే అనే భూతకాల రూపంలోకి మార్చండి: జావే పార్లే, త్యు ఆవే పార్లే, ఇల్ ఆవే పార్లే, నూజావ్యోఁ పార్లే, వూజావ్యే పార్లే, ఇల్ జావే పార్లే.

చిక్కంతా రాతలోనే. ఈ ఆరింటిలో నాలుగుచోట్ల చెవికి వినిపించేది ఒకే ‘ఆవే’. కానీ ‘నేను’, ‘నువ్వు’ అన్నప్పుడు చివర ఎస్, ‘అతను’ అన్నప్పుడు టి, ‘వాళ్లు’ అన్నప్పుడు ఇ-ఎన్-టి రాయాలి. నేనూ చాలాకాలం చెవిని నమ్మి మార్కులు పోగొట్టుకున్నాను.

‘అప్పటికే’కు సమానమైన ‘దేజా’ను సహాయక క్రియకూ ‘పార్లే’కూ మధ్యలో పెట్టండి: ‘జావే దేజా పార్లే’.

ఒక్క జాగ్రత్త. ‘ఆరివే’ (చేరుకోవడం) కూడా నియమం తప్పని క్రియే, కానీ దానికి తోడు ‘ఆవ్వార్’ కాదు, ‘ఎత్ర్’ (ఉండటం). అందుకే ‘జేతే ఆరివే’. రాసేది అమ్మాయి అయితే చివర మరో ‘ఇ’ చేరుతుంది, పలకడంలో తేడా ఉండదు.