పికప్ కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

ఎర్రగుంట్ల నుంచి రాయచోటికి సిమెంటు తోలడానికి పికప్ (చిన్న సరుకుల బండి) కొనాలనుకుంటున్నావనీ, అశోక్ లేలాండ్ దోస్త్, మహీంద్రా బొలెరో రెండింటిలో ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. షోరూములో చెప్పే మైలేజీ అంకెను నమ్మి మాత్రం అడ్వాన్సు కట్టవద్దు. ఆ అంకెలో కడప, రాయచోటి మధ్యనున్న గువ్వలచెరువు ఘాటు, ఆ కొండదారి ఎక్కుడు, ఉండదు.

దోస్త్‌ది మూడు సిలిండర్ల ఇంజిన్, సుమారు 1,500 సీసీ. బొలెరో పికప్‌ది నాలుగు సిలిండర్లతో సుమారు 2,500 సీసీ. సిలిండర్లు తగ్గితే పిస్టన్ల, బేరింగుల రాపిడి తగ్గుతుంది కనుక, సగం లోడుతో కడప దాకా చదును రోడ్డు మీద చిన్న ఇంజిన్ తక్కువ డీజిలు తాగుతుంది. అయితే నిండు లోడుతో ఘాటు ఎక్కేటప్పుడు అదే ఇంజిన్‌ను కింది గేరులో గట్టిగా తొక్కవలసి వస్తుంది, తిరుగుడు పెరిగిన కొద్దీ రాపిడి పెరిగి చదునులో మిగిల్చినదంతా అక్కడ ఖర్చయిపోతుంది. అందువల్ల టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, ఎంత అని అడిగి ఊరుకోకుండా, అది ఎన్ని ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర అందుతుందో కూడా అడుగు. 1,600 దగ్గరే పూర్తి బలం ఇచ్చే ఇంజిన్ మన ఘాటుకు తగినది.

బాగా పాత బండి చౌకగా వస్తుందని ఎవరైనా ఆశపెడితే, ఇంజిన్ ఏ పద్ధతిదో ముందు కనుక్కో. పక్కనున్న చిన్న గదిలో డీజిలు మండి ఇరుకు దారిన సిలిండరులోకి వచ్చే పాత పద్ధతిలో ఎక్కువ వేడి గోడలకు పోతుంది. డీజిలును నేరుగా పిస్టన్ తల మీది గుంతలోకి చిమ్మే డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజిన్ దానికంటే సుమారు 15 శాతం తక్కువ తాగుతుంది. అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిలు అందించే కామన్ రైలు పద్ధతి ఇంకా మేలు, కానీ డీజిలులో నీటిచుక్కను అది భరించలేదు. ఫిల్టరు అడుగున చేరిన నీటిని దించే చిన్న మరను నేను నెలల తరబడి ముట్టుకోక, నాలుగు ఇంజెక్టర్లూ ఒకేసారి మార్పించవలసి వచ్చింది. ఆ ఏడాది బాడుగ మిగులంతా వాటికే పోయింది.

లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అన్నది సగం లెక్కే. ఉదాహరణకు ఒక బండి 20 బస్తాలతో, అంటే ఒక టన్నుతో, లీటరుకు 15 కిలోమీటర్లు పోయిందనుకో. మరొకటి 30 బస్తాలతో, అంటే టన్నున్నరతో, 12 పోయినా, లీటరుకు మోసిన టన్ను-కిలోమీటర్లు (టన్నులను కిలోమీటర్లతో గుణిస్తే వచ్చేవి) మొదటిదానికి 15, రెండవదానికి 18. తిరుగు ప్రయాణం ఖాళీగా వచ్చే రోజులు ఎక్కువైతే ఈ తేడా కరిగిపోతుంది కనుక, నీకు వచ్చే బాడుగలు ఎలాంటివో ముందుగా రాసుకో.

ఇంకొక పని చేయి. రాయచోటి రోడ్డున ఈ రెండు బళ్లూ నడిపేవారిని బతిమాలి ఒక్కొక్క ట్రిప్పు కూర్చో. బయలుదేరేటప్పుడు ట్యాంకు నింపించి, నాజిల్ తానుగా ఆగిన చోటే ఆపించి, కిలోమీటర్ల అంకె రాసుకో. తిరిగి వచ్చాక అదే బంకులో, అదే నాజిల్‌తో మళ్లీ నింపించు. డీజిలు మీటరు ముల్లును చూసి లెక్క కట్టవద్దు. లోడు, వేగం కూడా పక్కన రాయి. అరవైలో పోయే బండిని ఎనభైలో తోలితే గాలి అడ్డు ముప్పావు వంతుకు పైగా పెరుగుతుంది. ఆ రెండు కాగితాలు తీసుకుని ఆదివారం ఇంటికి రా, కూర్చుని చూద్దాం.

మీ మామ
కడప