తెర ఆపేసి నీ పాఠం విను

అమ్మాయీ,

ఆన్‌లైన్ సైన్స్ కోర్సు తయారుచేస్తున్నానని, చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు చేరితే ఎలాగని టెన్షన్‌గా ఉందని రాశావు. చేరితే ఏమిటి, చేరతారు. అందరూ ఆ సంగతి బయటికి చెప్పుకోరు కూడా. మొదటి పాఠం నుంచే వాళ్లున్నారనుకుని రాయి. అంతా అయ్యాక అతుకులు వేయడం రెట్టింపు చాకిరీ, నేను పడ్డాను.

నా మొదటి టైట్రేషన్ (ఆమ్లంలోకి క్షారాన్ని కొద్దికొద్దిగా వదిలి కొలిచే ప్రయోగం) వీడియోలో "ఇదిగో, రంగు మారింది చూశారా!" అని హుషారుగా అన్నాను. చూపు లేని ఒక అబ్బాయి అడిగాడు: "ఏ రంగు వచ్చింది సార్? ఎన్ని మిల్లీలీటర్ల దగ్గర?" ఆ రెండూ నేను చెప్పనేలేదు. నిజానికి చూపున్నవాళ్లు రాసుకోవాల్సిందీ అదే! ఇప్పుడైతే "ఫినాఫ్తలీన్ అనే సూచిక వేసిన ఆమ్లానికి ఇంతవరకూ రంగు లేదు, 18.4 మిల్లీలీటర్ల దగ్గర లేత గులాబీ రంగు వచ్చి నిలిచింది" అంటాను. వీడియో అయ్యాక తెర ఆపేసి విను. తర్వాత శబ్దం ఆపేసి చూడు. ఆటోమేటిక్ క్యాప్షన్లను నమ్మకు. 'అయాన్' కాస్తా 'అయ్యాను' అయి కూర్చుంటుంది. నువ్వే దిద్దాలి.

బొమ్మల దగ్గర అసలు చిక్కు ఉంది. కింద 'గ్రాఫ్' అని రాసి వదిలేస్తే ఎవరికీ లాభం లేదు. ఏ అక్షం మీద ఏముంది, గీత ఎక్కడ వంగింది, అదీ రాయాలి. కానీ ఆ వంపును కనిపెట్టడమే ప్రశ్న అయినప్పుడు వివరణలోనే జవాబు ఇచ్చేస్తే ఎలా? అప్పుడు అంకెల పట్టిక ఇవ్వు, వాళ్లే తేల్చుకుంటారు. గీతల్ని ఎరుపు, ఆకుపచ్చ అని రంగుతోనే విడదీయకు, ఒకటి చుక్కల గీత చెయ్యి. సమీకరణాలను ఫొటోగా పెట్టకు. వెబ్‌పేజీల్లో గణితాన్ని రాసే మ్యాథ్ఎంఎల్‌లో ఉంటే, తెర మీదున్నది పైకి చదివే స్క్రీన్ రీడర్ భిన్నాన్ని భిన్నంగానే చదువుతుంది.

మామూలు సైజు అక్షరాలకూ వెనక రంగుకూ వెలుగులో తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలని డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్‌పేజీలు అందరికీ అందేలా చేసే మార్గదర్శకాలు, చెబుతుంది. కొలిచే సాధనాలు ఉచితంగానే దొరుకుతాయి.

మౌస్ పక్కన పెట్టి, కీబోర్డుతోనే కోర్సంతా నడిచిచూడు. పరికరాల పేర్లను లాగి పెట్టే ఆట దగ్గర ఆగిపోతావు. చేతులు సరిగా ఆడనివాళ్లకు అక్కడే కోర్సు మూసుకుపోతుంది, జాబితాలోంచి ఎంచుకునే వీలు కూడా పెట్టు. క్విజ్‌లో గడియారం మాత్రం నాకు ముందునుంచీ నచ్చదు. వేగమే పరీక్షిస్తున్నావా? లేకపోతే తీసెయ్, తప్పదంటే గడువు పెంచుకునే వీలుంచు.

మొదటి వీడియో పంపు. నేను ముందు వింటాను, తర్వాతే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు