బీపీ అంకెలు పోల్చేముందు

చిరంజీవి మేనకోడలికి,

నీ థీసిస్ ప్లాన్ చదివాను. మీ ఓపీకి వచ్చే బీపీ పేషెంట్లలో ఎంతమందికి అదుపులో లేదో తేల్చి, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలోని విశాఖ జిల్లా అంకెతో పోలుస్తానన్నావు. ఆలోచన బాగా నచ్చింది. బయట జనం ఎలా ఉన్నారో తెలియకుండా మన పేషెంట్లు బాగున్నారని ఎలా అంటాం? కానీ ఆ రెండు అంకెల్నీ ఉన్నవి ఉన్నట్టు పోల్చకమ్మా.

సర్వే ముఖ్య అంకెలు వేసిన జిల్లా ఫ్యాక్ట్ షీట్‌లో ఎక్కువ బీపీ వరస చివరిదాకా చదువు. పై బీపీ 140 గానీ కింది బీపీ 90 గానీ, ఆపైన ఉన్నవాళ్లు, ‘లేదా మందులు వాడుతున్నవాళ్లు’ అని ఉంటుంది. అంటే రోజూ మాత్ర వేసుకుని 124/78తో నిక్షేపంగా ఉన్న గాజువాక పెద్దాయన కూడా అందులో ఎక్కువ బీపీ కిందే లెక్క. నీ రిజిస్టర్‌లో మాత్రం ఆయన అదుపులో ఉన్న మనిషి. జబ్బు ఎంతమందికి ఉందో ఆ అంకె చెబుతుంది గానీ, వైద్యం ఫలించిందో లేదో చెప్పదు. నీకు కావాల్సింది ఆ సర్వేలో మనిషి మనిషికీ ఉండే విడి డేటా. బీపీ ఉందని డాక్టరు చెప్పినవాళ్లెవరు, వాళ్లలో మందులు వాడుతున్నదెవరు, వాడేవాళ్లలో కొలిచిననాడు 140/90 లోపు ఉన్నదెవరు? ఇది ఆ డేటాలోంచి నువ్వే లెక్కగట్టుకోవాలి.

సర్వేలో బీపీ చూసింది 15 ఏళ్లు నిండినవాళ్లకి. మీ దగ్గరికొచ్చేది ఎక్కువగా యాభై దాటినవాళ్లు. అందుకే పదేళ్లకో గుంపు చేసి, ఆడా మగా విడదీసి, సర్వే శాతాల్ని మీ పేషెంట్ల వయసుల పాళ్లకు సర్దు. శాంపిల్ వెయిట్లు, అంటే లెక్కలో ఒక్కో మనిషికి ఎంత బరువివ్వాలో సర్వేవాళ్లు ఇచ్చిన అంకెలు, వేయకుండా ఒక్క శాతం కూడా రాయొద్దు. గుంపులో పాతికమంది కూడా లేకపోతే సర్వేవాళ్లే అంకె వేయరు, నువ్వూ వేయకు.

ఇంకోటి. మన దగ్గర ఆ సర్వే జరిగింది 2019లో. జిల్లా విడిపోయింది 2022 ఏప్రిల్ 4న. కాబట్టి అందులో విశాఖ అంటే అనకాపల్లి, పాడేరు, అరకు, చింతపల్లి కలిపి. మీ సిటీ పేషెంట్లకు కనీసం పట్టణ క్లస్టర్లనే, అంటే సర్వేకి ఎంచుకున్న పట్టణ ప్రాంతాలనే తీసుకో.

కొలిచే తీరూ వేరే. వాళ్లు ఇంటి దగ్గర కూర్చోబెట్టి, మధ్యలో వ్యవధి ఇచ్చి మూడుసార్లు చూశారు. మీ ఓపీలో క్యూలో గంట నిలబడి, టెన్షన్ పడుతూ వచ్చిన మనిషికి ఒక్కసారి చూస్తారు. నువ్వూ కూర్చోబెట్టి మూడుసార్లు చూడు, టైమ్ పట్టినా సరే.

అన్నిటికన్నా నాకు బెంగ పెట్టేది ఓపీకి రావడం మానేసినవాళ్లు. నెలనెలా మందులకు వచ్చేవాళ్లనే లెక్కిస్తే ఏ క్లినిక్ అయినా గొప్పగానే కనిపిస్తుంది. మానేసిన మనిషే పక్షవాతంతో ఇంకో ఆసుపత్రిలో చేరి ఉండొచ్చు. నిరుడు పేరు రాయించుకున్న ప్రతి ఒక్కరినీ లెక్కలోకి తీసుకో. రానివాళ్లకు ఫోన్ చెయ్యి, ఎత్తకపోతే ఆ వార్డు ఏఎన్‌ఎమ్‌ని అడుగు. అప్పటికీ దొరకనివాళ్లను తీసెయ్యకుండా టేబుల్‌లో విడిగా చూపించు.

ఆదివారం లాప్‌టాప్ తీసుకుని ఇంటికి రా. వెయిట్ల సంగతి కూర్చుని చూద్దాం.

మీ మావయ్య
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం