రాజహంస ఏం తింటోంది?

అమ్మాయీ,

నీ కథ చదివి పక్కన పెట్టి, కోపం తగ్గక మళ్ళీ తీశాను. పులికాట్ సరస్సు ఒడ్డున కథ నడుపుతూ రాజహంసల్ని, అదే ఫ్లెమింగోల్ని, చెట్టుకొమ్మల మీద ఎలా వాలనిచ్చావు? చెట్ల మీద గూళ్ళు పెట్టేవి నేలపట్టు చెరువులో గూడబాతులు, అంటే పెలికాన్లు. రాజహంస లోతులేని ఉప్పునీళ్ళలో, బురదలో నిలబడి మేసే పక్షి. రెండూ సూళ్ళూరుపేట చుట్టుపక్కలవే కదా అని కలిపేస్తే ఎట్లా?

అంతకన్నా బాధపెట్టింది ఇంకో వాక్యం. అస్తమించే సూర్యుడు వాటి రెక్కలకి గులాబీరంగు పూశాడని రాశావు. ఆ రంగు తిండిది తల్లీ. వంకర ముక్కుని తలకిందులుగా నీళ్ళలో ముంచి, నాలుకతో నీళ్ళు లాగి వదులుతూ నాచునీ సన్నటి రొయ్యజాతి పురుగుల్నీ వడగట్టుకుంటుంది. ఆ మేతలోని రంగే ఈకలకి ఎక్కుతుంది. మేత మారితే వన్నె తగ్గిపోతుంది. అందుకే ఎవరడిగినా నాది ఒకటే మాట: ఏ ప్రాణి గురించి రాసినా ముందు అదేం తింటుందో, ఆ తిండి ఎక్కణ్ణించి వస్తుందో కనుక్కో. నేలపట్టులో గూడబాతు పిల్ల తల్లి ముక్కు కింది సంచిలో తల దూర్చి తినే చేప కోసం ఆ తల్లి పులికాట్ దాకా ఎగిరిపోతుంది. చెరువులో పడ్డ రెట్టలు కింది పొలాలకి ఎరువవుతాయి. సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారాల్లో ఇసుక మేటేస్తే పోటు నీళ్ళు లోపలికి సరిగా రావు, చేప తగ్గుతుంది, వల వేసేవాడూ పక్షీ కలిసే పస్తుంటారు. కథ అక్కడుంది.

నా తొలి కథల్లో ఒకటి ఈ ముఖద్వారం గురించే. ఒక వారపత్రిక సంపాదకుడు చేపల ధర ఉన్న పేరా మొత్తం కొట్టేసి, పడవ మీద వెన్నెల మాత్రం ఉంచాడు. పాఠకులకి నీచువాసన పడదన్నాడు. కాగితాలు వెనక్కి తీసుకుని, రైలు ఛార్జీకి స్నేహితుడి దగ్గర చేబదులు పట్టి నెల్లూరు వచ్చేశాను. ఏళ్ళ తరబడి ఆ కథ అచ్చుకాలేదు. ఇప్పుడు వెన్నెల పోయి వలస వచ్చింది. పోటీ కథ తెరిస్తే చాలు, ఒక వలసపక్షి, దాన్ని చూసి అమెరికా కొడుకుని తలుచుకునే తల్లి. ఆ పక్షికి ఆకలన్నదే ఉండదు. బహుమతులూ వాటికే ఇస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

నీ కథలో ఒక్కచోట నా కళ్ళు తడిశాయి. మోకాలిలోతు నీళ్ళలో వంగి, తాటాకు బుట్ట పళ్ళతో కరిచిపట్టుకుని, చేతులతో రొయ్యలు తడుముకునే యానాది పిల్ల. రెండు వాక్యాల్లో ఆమెని వదిలేసి నీ హీరో బైనాక్యులర్స్ దగ్గరికి పరిగెత్తావు. మిగతాదంతా చింపేసినా ఆ రెండూ దాచుకో.

సంక్రాంతి లోపల ఇంకోసారి వెళ్ళు. శ్రీహరికోట రోడ్డులో అటకానితిప్ప దగ్గర దిగి, మధ్యాహ్నమంతా ఒక్క గుంపునే చూడు. ఫోన్ సంచిలో పెట్టు. ఆ పిల్ల రొయ్యలు ఎవరికి అమ్ముతోందో, కిలోకి ఎంతిస్తున్నారో కనుక్కో. కొనేవాణ్ణి కాదు, ఆమెనే అడుగు. రాసింది నాకు పంపు, చేతిరాతైనా సరే.

ఆశీస్సులు.