వైరు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు

చిట్టితల్లికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. నువ్వు ఉద్యోగానికి సెలవు పెట్టి, నలుగురు స్నేహితులను వెంటేసుకుని, తాతగారి మండువా ఇంట్లో ఇరవై నిమిషాల సినిమా తీయబోతున్నావట. ఆవిడ బాధంతా జీతం లేని సెలవు గురించీ, రాబోయే సంబంధాల గురించీ. నేను ఊఁ కొడుతూ లోపల్లోపల మురిసిపోతున్నాను. పెళ్లి వీడియోలు తీసి బతికినవాడి మేనకోడలు సినిమా తీస్తుందంటే ఆ మాత్రం మురిసిపోనా? ఇంతలో మీ అమ్మ, "వానలో రాత్రి సీను కూడా ఉందట అన్నయ్యా, వెయ్యి వాట్ల హాలోజన్ లైట్లు రెండు కొన్నదట" అంది. ఆ తరవాత ఆవిడ చెప్పిందేదీ నా చెవికెక్కలేదు. నిద్ర కూడా సరిగా పట్టలేదు.

ఆ లైట్ల సంగతికి వస్తాను. ఈలోగా వాటిని ప్లగ్గులో పెట్టకు. ఎలా ఉన్నాయో చూద్దామని కూడా పెట్టకు.

కెమెరా గురించి ఎక్కువ చెప్పను. అరువు తెచ్చుకున్నది చాలు, అద్దెకు ఇంకా పెద్దది తెస్తామని ఎవరన్నా అంటే వద్దను. సెకనుకు 25 ఫ్రేములు పెట్టి, షట్టరును సెకనులో యాభయ్యో వంతు దగ్గర బిగించెయ్. మన కరెంటు సెకనుకు 50 సైకిళ్లది కాబట్టి ట్యూబులైట్లూ చవక ఎల్‌ఈడీ బల్బులూ సెకనుకు వందసార్లు మిణుకుతాయి. షట్టరు ఆ లెక్కకు కుదరకపోతే గోడల మీద నల్లటి చారలు పాకుతాయి. షూటింగంతా అయిపోయి కంప్యూటర్లో చూసుకుని ఏడ్చినా అవి పోవు. ఎండలో షట్టరు పెంచకుండా లెన్సుకు వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు తగిలించు. తెలుపును తెలుపుగా చూపించే వైట్ బ్యాలెన్సును ఆటోలో వదిలావంటే పసుపుచీర కట్టిన మనిషి ఫ్రేములోకి రాగానే వెనక గోడ రంగు మారిపోతుంది. ట్రైపాడు మధ్య కడ్డీ పైకి లేపకు, కాళ్లే పొడుగు చేసుకో. కార్డు చెరిపేముందు రెండు చోట్ల కాపీ ఉందో లేదో చూసుకో. మాటలు రికార్డు చేసేటప్పుడు ఫ్రిజ్ ఆపేస్తారు కదా, నీ బండి తాళాలు అందులో పెట్టు. వెళ్లేటప్పుడు తాళాల కోసం వెతుక్కుంటూ ఫ్రిజ్ మళ్లీ వేస్తావు. లేకపోతే అత్తయ్య పాలన్నీ విరిగిపోతాయి, నీ సినిమా పేరు ఆ ఇంట్లో పదేళ్లపాటు అలాగే గుర్తుంటుంది.

డబ్బు లేనివాళ్లకు మండువా ఇంటికి మించిన స్టూడియో లేదు. ఒకరోజు ముందే వెళ్లి వసారాలో కుర్చీ వేసుకుని కూర్చో. ఏ గంటకు ఎండ ఏ స్తంభాన్ని దాటుతుందో, ఏ గది తలుపు తెరిస్తే వెలుగు ఎక్కడిదాకా వస్తుందో రాసుకో. నీ సీన్ల వరసను ఎండ నిర్ణయించాలి. పదకొండు నుంచి మూడు దాకా ఎండ నిటారుగా పడుతుంది, కళ్లకింద గుంటలు పడి పడుచుపిల్ల కూడా జబ్బుమనిషిలా కనిపిస్తుంది. ఆ వేళలో మండువా నోటికి అడ్డంగా తెల్లటి నేతపంచెలు రెండు మూడు కలిపి కుట్టి కట్టించు. సినిమా యూనిట్లలో ఇలాంటి గుడ్డ బిగించిన చట్రాన్ని స్కిమ్మర్ అంటారు, అద్దె కట్టి తెచ్చుకుంటారు. మన పంచె కూడా అదే పని చేస్తుంది. కాకపోతే గాలికి కొట్టుకోకుండా నాలుగు మూలలా తాళ్లు బిగించాలి.

ఇది నా తెలివి కాదు. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ 'అపరాజితో' కోసం కాశీలోని ఇంటి నడిమి వాకిలిని కలకత్తా స్టూడియోలో సెట్టు వేశారు. పైనుంచి దిగే, నీడలు గీయని ఆకాశపు వెలుగు అక్కడ ఎలా వస్తుంది? ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర సెట్టు పైన తెల్లగుడ్డ పరిపించి, లైట్లను మనుషుల మీదికి కాకుండా ఆ గుడ్డ మీదికి తిప్పారు. గుడ్డ మీంచి తిరిగి దిగిన వెలుగుతోనే ఆ సీన్లు తీశారు. ఆయన కష్టపడి కల్పించుకున్న ఆకాశం నీకు నడినెత్తిన ఉంది, అద్దె లేకుండా.

మొహం చప్పగా కనిపిస్తే ఇంకో లైటు కోసం వెతకడం కొత్తవాళ్లందరికీ ఉండే జబ్బు. ముందు వెనక తలుపు మూసి చూడు. చాలకపోతే వెలుగు రానివైపు నల్ల దుప్పటి పట్టించు, చెంపకు వంపు వస్తుంది. నీడ మరీ చిక్కగా ఉంటే దుప్పటి తీసి అదే చోట థర్మోకోల్ షీటు పట్టించు. ఈ రెండింటితో పగటి సీన్లన్నీ అయిపోతాయి. రాత్రికి లైటు కావలసి వచ్చినా పెద్దది అక్కర్లేదు. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే చిన్న లైటునే ఫ్రేము అంచుదాకా దగ్గరికి జరిపితే పెద్దదాని పని చేస్తుంది.

ముసలావిడ పాత్రకు మన పాలేరు వాళ్లమ్మను ఒప్పించావని విన్నాను. మంచి ఎంపిక. కానీ ఆవిడ నలుపని మొహాన పౌడరు అద్ది, ఎదురుగా లైటు కొట్టావంటే నాతో మాట్లాడకు. ఊళ్లలో వీడియో షాపులన్నీ పెళ్లికూతుళ్లకు ఏళ్ల తరబడి చేసిన అపచారం అది. వాళ్ల ఆల్బముల్లో ముక్కుల్లేవు, చెంపల్లేవు, సున్నం కొట్టిన గోడలున్నాయి. నల్లటి చర్మం మెరుపుతోనే రూపం చూపిస్తుంది. పక్కనుంచి వెడల్పాటి తెల్లటి వెలుగు ఇవ్వు. కిటికీకి తెల్లగుడ్డ కట్టి, ఆవిణ్ణి కిటికీకి కాస్త ఏటవాలుగా కూర్చోబెడితే చాలు. ఆవిడ మొహం మీద ప్రతి ముడతా కనబడుతుంది, అందంగా కనబడుతుంది.

ఇక వైరు.

తొంభైల్లో మా గురువుగారి దగ్గర పనిచేసేటప్పటి మాట. ఫ్రేము పెట్టడంలో ఆయనకు సాటి మా తాలూకాలోనే లేడు. పిసినారి అంటే ఒప్పుకోను, మాకు కడుపునిండా పెట్టేవాడు. వైరు మీద డబ్బు పెట్టడమంటే మాత్రం ఆయనకు మట్టిలో పోసినట్టే. మూడు తీగల వైరుకు ఖరీదు ఎక్కువని రెండు తీగలదే కొనేవాడు, అంటే ఎర్త్ అనేదే లేదు. తెగినచోటల్లా చేత్తో మెలిపెట్టి టేపు చుట్టేవాడు. ఆ టేపు ఎండకు ఎండి పొరలు పొరలుగా లేచిపోయేది. ప్లగ్గు దొరకనిచోట వైరు కొసలు సాకెట్లో దూర్చి అగ్గిపుల్లలు గుచ్చేవాళ్లం. నువ్వు నవ్వుతావేమో, ఆ రోజుల్లో పెళ్లిపందిళ్లలో సగం ఇలాగే వెలిగేవి.

తెనాలి దగ్గర ఒక ఊళ్లో మాఘమాసపు పెళ్లి. సన్‌గన్ అనే చేతి లైటు పట్టుకునే కుర్రాడికి పదిహేడేళ్లుంటాయేమో. పొద్దున పెళ్లికూతుర్ని చేసేటప్పుడే వాడు వచ్చి "గురువుగారూ, పిడి పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది" అన్నాడు. ఆయన కెమెరాలోంచి కన్ను తీయకుండానే "పొడి తువ్వాలు చుట్టి పట్టుకోరా" అన్నాడు. నేను పక్కనే టేపుల మీద పేర్లు రాస్తున్నాను. వాడు తన భుజం మీది తువ్వాలే చుట్టుకున్నాడు. మధ్యాహ్నందాకా ఏమీ కాలేదు. అదే ఇందులోని మోసం, చాలాసేపు ఏమీ కాదు.

ముహూర్తం రాత్రి. పందిట్లో దుమ్ము లేవకుండా నీళ్లు చల్లారు. కుర్రాడి కాళ్లకు చెప్పులు లేవు, మండపం దగ్గర ఎవరికుంటాయి? తువ్వాలు చెమటకు తడిసిపోయింది. లైటు వేడికి పిడి లోపల తీగ పైతొడుగు కరిగి, ఇనుముకు తగిలి ఉంటుంది. జీలకర్ర బెల్లం పెడుతున్నారు. వాడు ఒక్కసారి గట్టిగా అరిచినట్టు నోరు తెరిచాడు, గొంతులోంచి శబ్దం రాలేదు. మనవాళ్లంతా ఏమనుకుంటారంటే, కరెంటు తగిలితే మనిషి విసిరినట్టు అవతల పడతాడని. పిడికిట్లో పట్టుకున్నదానికి అలా జరగదు, వేళ్లు బిగుసుకుపోతాయి, వదలాలన్నా వదలలేడు. పెళ్లికొడుకు మేనమామ పట్టుకుని లాగడానికి పరుగెత్తాడు. ముట్టుకుని ఉంటే ఇద్దరూ పోయేవాళ్లు. వంటల దగ్గర్నుంచి వచ్చిన మేస్త్రి ఆయన్ని ఒక్క తోపు తోసి, పులిహోర కలిపే కొయ్య తెడ్డుతో వైరును కొట్టి ప్లగ్గులోంచి ఊడగొట్టాడు. పందిరంతా చీకటైంది.

కుర్రాడు బతికాడు. అరచెయ్యి కాలింది, ఇప్పటికీ ఆ చేతి రెండు వేళ్లు ముడుచుకోవు. గురువుగారు ఆస్పత్రి ఖర్చంతా పెట్టుకున్నాడు. వారం తిరక్కుండా కొత్త మూడు తీగల వైరు చుట్టలు షాపుకు వచ్చాయి, దాని గురించి ఎవరితోనూ ఒక్కమాట మాట్లాడలేదు. పెళ్లివారు జీలకర్ర బెల్లం టేపులో లేదని డబ్బు తగ్గించి ఇచ్చారు.

పాత వైరు ఆయన తప్పే, కానీ అది అందరూ చేసేదే. చెయ్యి జివ్వుమంటోందని పొద్దున్నే చెప్పిన పిల్లవాడి మాటకు తువ్వాలు చుట్టుకోమనడం ఉంది చూశావూ, దాన్ని మాత్రం నేను ఈనాటికీ మింగలేను. ఆ మాట వినగానే స్విచ్ ఆపి ఉండాల్సింది. నీ యూనిట్లో ఎవరైనా, టీ అందించే పిల్లవాడైనా, స్టాండు ముట్టుకుంటే చురుక్కుమంది అంటే, ఎంత మంచి టేకు నడుస్తున్నా సరే, మెయిన్ ఆపు. తిట్టుకుంటూనైనా ఆపు.

అందుకని విను. ఆ హాలోజన్లు కొన్నచోటే తిరిగి ఇచ్చెయ్. ఒక్కొక్కటి నాలుగు ఆంపులకు పైగా లాగుతుంది, రెండూ కలిస్తే తొమ్మిదికి దగ్గర. తాతగారి ఇంట్లోవి అయిదు ఆంపుల సాకెట్లు. పైగా వాటి ముందు గుడ్డ కట్టినా బట్టర్ పేపరు కట్టినా అంటుకుంటుంది. దాదాపు అంత వెలుగు ఇప్పుడు రెండు వందల వాట్ల ఎల్‌ఈడీ ఇస్తుంది, అదీ ఒక్క ఆంపులోపే. అద్దెకు తెచ్చుకో. కోఠీలో ట్రూప్ బజారుకు వెళ్లి 2.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల రాగి వైరు, ఐఎస్ఐ గుర్తున్నది, కొను. అతుకు లేకుండా ఒకటే ముక్క. వాడేటప్పుడు చుట్ట మొత్తం విప్పాలి, చుట్టగా ఉంటే లోపల వేడెక్కుతుంది. కరెంటు ఎక్కడన్నా దారి తప్పితే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ బిగించిన బోర్డు ఒకటి చేయించు. వారం ముందే ఊళ్లో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ప్రతి సాకెట్టుకూ ఎర్త్ ఉందో లేదో చూపించు. ఫ్యూజులో లావుపాటి రాగితీగ చుట్టి ఉంటే తీయించి సరైన తీగ వేయించు. అది మీ తాతయ్యే చుట్టి ఉంటాడు, కరెంటు పోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. మెయిన్ ఎక్కడుందో నీ నలుగురికీ మొదటిరోజే చూపించి, ఒకరిని దాని దగ్గరే ఉండమను. స్టాండ్లకు ఇసుక మూటలు కావాలంటే పాత జీన్స్ ప్యాంట్ల కాళ్లు కత్తిరించి కుట్టించు, బ్రహ్మాండంగా కుదురుతాయి.

ఇదంతా చదివి వాన సీను తీసేస్తావేమో, వద్దు. ఆ సీను కోసమే ఈ సినిమా రాశావని మీ అమ్మ మాటల్లోనే నాకు అర్థమైంది. లైటు వానలోకి వెళ్లాల్సిన పనే లేదు. వాన కెమెరా వైపునుంచి పడే వెలుగులో కనిపించదు, వెనకనుంచి వెలుగు పడి, దాని వెనక చీకటి ఉంటేనే ఒక్కొక్క చినుకూ మెరుస్తుంది. మండువాలో వాన పడేది నడుమనే. పడమటి గదిలో, గడపకు నాలుగడుగులు లోపల, పొడి నేల మీద ఎల్‌ఈడీ పెట్టు, తలుపు చెక్క చాటున దాన్ని దాచు. కెమెరాను ఎదురుగా తూర్పు వసారాలో కప్పు కింద పెట్టు. వెలుగు గడప దాటి వచ్చి చినుకుల్ని వెలిగిస్తుంది, వైరు గది దాటదు. ఎదుటి మనిషి మొహానికి కావలసిన కాస్త వెలుగుకు బ్యాటరీ లైటుకు తెల్లగుడ్డ చుట్టి పక్కన పెట్టు.

నడిరాత్రి దాకా ఆగకు. సూర్యుడు దిగాక ఇరవై నిమిషాలపాటు మండువా పైన ఆకాశం నీలంగా ఉంటుంది, పెంకుల అంచులు తెలుస్తాయి. కెమెరా వైట్ బ్యాలెన్సును 4000 కెల్విన్ దగ్గర పెడితే గదిలో మామూలు పసుపు బల్బు వెచ్చగా, పైన నీలం చల్లగా వస్తాయి. సాయంత్రం నాలుగింటికే రిహార్సలు మొదలుపెట్టు, ఒకరోజు ఒక షాటే అనుకో. మబ్బు పట్టి వాన నిజంగానే వచ్చిందంటే మెరుపులు కనబడగానే అన్నీ ఆపి లోపలికి పొండి.

నన్ను రమ్మని అడగకు. వస్తే నీ సినిమా నేను తీసేస్తాను, నా సంగతి నాకు తెలుసు. సంబంధాల విషయం మీ అమ్మతో నేను మాట్లాడతాను. ఈ ఉత్తరం మాత్రం ఆవిడకు చూపించకు. ఎలక్ట్రీషియన్ వచ్చి వెళ్లాక ఫోను చెయ్యి. అంతా బాగానే ఉందట అని ఒక్క ముక్కలో తేల్చేయకుండా, ఏ గదిలో ఏ సాకెట్టుకు ఎర్త్ లేదన్నాడో వరసగా చెప్పు, రాసుకుంటాను.

మీ మామయ్య